ఇనప తీగతో బిగించిన పైపు

సిలార్‌కు నమాజు నిలవడం లేదు.

చేతులు కట్టుకుని నిలబడతాడు. మొదటి వాక్యాలు వాటంతటవే వస్తాయి. ఆ తర్వాత ఏముందో గుర్తు రాదు. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్పగలిగిన ఖురాన్ సూరాలు అవి. ఇప్పుడు మధ్యలో ఆగిపోయి, పక్కవాడు వంగితే తనూ వంగి, పక్కవాడు లేస్తే తనూ లేచి, ఎలాగో ముగించుకుని బయటికి వస్తున్నాడు.

నూకాలు పోయినప్పటి నుంచీ ఇదే వరస.

కోరంగి పాయ ఒడ్డున, మడ చెట్లు మొదలయ్యే చోట వజీర్ షా గారి ఖాన్‌కా ఉంది. మట్టి గోడలు, పైన రేకులు, ముందు పొడవాటి అరుగు. పేరుకి సూఫీ గురువు ఉండే చోటు. నిజానికి ఆ చుట్టుపక్కల అందరూ వచ్చి కూర్చునే చోటు. వజీర్ షా ముసలివాడు, మాట తక్కువ మనిషి. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు తమ కష్టం చెప్పుకుని, ఆయన వింటే చాలనుకుని వెళ్లిపోతుంటారు.

రాలేనివాళ్ల దగ్గరికి ఆయనే వెళ్లేవాడు. లంక ఊళ్లకు రోడ్డు లేదు. ఒక వ్యాపారి తన సొంత పడవను ఆయనకి ఇచ్చేశాడు. ఇంజినూ, కింద ఒక గదీ, ఆ గదిలో వంటకి పొయ్యీ ఉన్న పడవ. వెళ్లిన ఊరివాళ్ల మీద భారం పడకూడదని వజీర్ షా నియమం. అందుకని వంట పడవలోనే జరిగేది. వండింది ఆ ఊరివాళ్లతో కలిసి తినేవారు.

చుక్కాని పట్టేది పోలయ్య. వండేది అతని భార్య నూకాలు. పడవ బాగోగులు చూసేది సిలార్.

మురీదుగా, అంటే శిష్యుడిగా చేరకముందు సిలార్ చేపల రేవులో ఇంజిన్లు బాగుచేసేవాడు. గట్టు మీద నిలబడి, దూరాన వస్తున్న బోటు చప్పుడు విని దానిలో ఏది వదులైందో చెప్పేవాడు. ఆ పని వదిలి గురువు దగ్గరికి వచ్చాక కూడా ఆ గర్వం అతన్ని వదల్లేదు. పడవలో మరొకరు స్పానర్ ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు.

నూకాల్ని అక్కా అని పిలిచేవాడు. పోలయ్యని బావా అనేవాడు. ఆ ఇంట్లో చేపల పులుసు వండిన రోజున అతని వాటా పక్కన పెట్టి ఉండేది.

వానలకి ముందు పడవల తనిఖీ అధికారి వచ్చాడు. పడవంతా తిరిగి చూసి, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, గ్యాస్ పైపు మీద వేసి ఉన్న సంవత్సరం చదివాడు.

"దీని గడువు అయిపోయింది. తీసేయండి. ఏజెన్సీ నుంచి లైసెన్సున్న మనిషిని పిలిపించి కొత్తది వేయించండి. ఆయన పరీక్ష చేసి సంతకం పెట్టాకే పడవ కదలాలి. సిలిండర్ కూడా కింద గదిలో ఉండకూడదు, పైకి మార్చండి" అన్నాడు.

"అలాగే సార్" అన్నాడు సిలార్.

ఏజెన్సీ మనిషికి ఫోన్ చేశాడు. అతను వేరే ఊళ్లో పనిలో ఉన్నాడు, వచ్చే వారం వస్తానన్నాడు. ఇక్కడ చూస్తే లంకకు ప్రయాణం ఖాయమైపోయింది. అక్కడ ఎవరో మంచాన పడి హజ్రత్ వజీర్ షా కోసం కలవరిస్తున్నారని కబురు వచ్చింది.

ఒక్క పైపు మార్చడానికి ఎవడో వచ్చి సంతకం పెట్టాలా అనుకున్నాడు సిలార్. ఇన్నేళ్లు డీజిల్ పైపులు మార్చిన చెయ్యి ఇది.

రేవు బజారుకు వెళ్లి ఒక ముక్క తెచ్చాడు. నల్లగా, మందంగా, చేతికి గట్టిగా తగిలే పైపు. గ్యాస్ కోసం చేసింది కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. క్లిప్పు దానికి సరిపోలేదు. ఇనప తీగ చుట్టి పట్టకారుతో మెలితిప్పాడు. వంగి వాసన చూశాడు. ఏమీ రాలేదు. బిస్మిల్లా అనుకుని లేచాడు. సిలిండర్‌ని పైకి మార్చే పని తిరిగొచ్చాక చూసుకోవచ్చనుకున్నాడు.

పడవ లంకకు వెళ్లింది, వచ్చింది. దారంతా ఇంజిన్ అదురుకి తీగ కొంచెం కొంచెంగా సడలింది.

ఇంట్లో పైపు కారితే గ్యాస్ గడప కింద నుంచైనా బయటికి పోతుంది. పడవకు అడుగున గడప లేదు. గ్యాస్ గాలి కంటే బరువు. నీళ్లలాగే కిందికి జారి, నడిచే పలకల కింద, ఊరిన నీరు నిలిచే చోట చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ చోట ఎప్పుడూ డీజిల్ కంపు, చేపల కంపు. కొత్త వాసన దేన్నీ అవి తెలియనివ్వవు.

తెల్లారాక నూకాలు పొయ్యి దగ్గర కూర్చుని అగ్గిపుల్ల గీసింది.

మంట పొయ్యిలోంచి రాలేదు. ఆమె కాళ్ల కింద నుంచి లేచింది.

పోలయ్య అప్పుడు గట్టు మీద తాడు విప్పుతున్నాడు. సిలార్ అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. ఇద్దరూ ఉరికి ఆమెను బయటికి లాక్కొచ్చారు. తడి గోనెలు కప్పి, దొరికిన బండి ఎక్కించి కాకినాడ ఆసుపత్రికి పంపారు. పోలయ్య వెంట వెళ్లాడు.

మంట ఆరాక సిలార్ పడవలోకి తిరిగి వెళ్లాడు. పొగలో తడుముకుంటూ పొయ్యి దగ్గరికి చేరాడు. పైపు సగం కాలి సిలిండర్ వైపు వేలాడుతోంది. పొయ్యి వైపు కొస ఊడి ఉంది. సిలిండర్ కట్టేసి, ఇంకా వేడిగా ఉన్న ఆ తీగనీ పైపునీ పీకి, ఎవరూ రాకముందే పాయలోకి విసిరేశాడు.

పోలీసులు వచ్చి అడిగారు. "ఏం జరిగింది?"

"రాత్రి నాబ్ కట్టడం మర్చిపోయిందేమో" అన్నాడు సిలార్.

'ఏమో' అన్న ముక్క అక్కడే రాలిపోయింది. మిగిలింది ఊరంతా తిరిగింది. నూకాలు గ్యాస్ కట్టడం మర్చిపోయింది. నూకాలు బాబా పడవ తగలబెట్టింది.

కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఆమె చనిపోయింది.

కర్మకాండ అయ్యాక పోలయ్య ఖాన్‌కాకి వచ్చాడు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నా ఆడది మీ పడవ కాల్చేసింది బాబా. దాని బుద్ధికి నన్ను సెమించండి" అన్నాడు.

వజీర్ షా కిందికి దిగి అతని చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. సిలార్ అక్కడే, స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. అతను నేల వైపు చూశాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అన్నారు. దాని రాత అంత వరకే ఉంది. ఎవరేం చేస్తారు. సిలార్ వింటూ తల ఊపేవాడు. ఎదుటి మనిషి ఆ మాట అన్నంతసేపూ కాస్త ఊపిరి ఆడేది. మనిషి వెళ్లిపోగానే మళ్లీ మామూలే. నమాజులో నిలబడితే మాటలు రావు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గురువు గదిలోకి వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చున్నాడు.

"హజ్రత్, ఒక మాట అడగాలి."

"అడుగు."

"ఆ పైపు ఏజెన్సీ మనిషి వేసింది కాదు. నేనే వేశాను. బజారు పైపు. తీగతో బిగించాను."

వజీర్ షా తస్బీ పూసలు తిప్పడం ఆపాడు.

"కానీ చావు ఘడియ ముందే రాసి ఉంటుంది కదా హజ్రత్. ఆ ఘడియకి ఆ పైపు కాకపోతే ఇంకోటి వచ్చేది. మంట కాకపోతే నీళ్లు. అందరూ అదే అంటున్నారు. పోలయ్య బావ కూడా అదే అంటున్నాడు. అంతే కదా? అది తక్దీరే కదా?"

అడుగుతున్నట్టు లేదు అతని గొంతు. అవునని అనమని బతిమాలుతున్నట్టు ఉంది.

వజీర్ షా తస్బీని మంచం మీద పెట్టాడు. తర్వాత అడిగాడు.

"ఆ పైపు ఎక్కడ కొన్నావు?"

"రేవు బజారులో."

"వెళ్లి అలాంటిదే ఒక ముక్క పట్రా. తీగ కూడా తీసుకురా."

ఎందుకని సిలార్ అడగలేదు. గురువు చెప్పిన పని ఎందుకని అడిగే అలవాటు అక్కడ లేదు. రేవుకు వెళ్లాడు. అదే దుకాణం, అదే మనిషి. చుట్టలోంచి అదే నల్ల పైపు కోసి ఇచ్చాడు. దాన్ని చేత్తో పట్టుకుని నడిచి వస్తుంటే దారిలో ఎదురైనవాళ్ల ముఖాల్లోకి చూడలేకపోయాడు.

వజీర్ షా గది మూల ఒక చిన్న పొయ్యి, పక్కన సిలిండర్ ఉన్నాయి. తన చాయ్ తనే పెట్టుకోవడం ఆయనకి అలవాటు. సిలార్ వచ్చేసరికి ఆయన ఆ పొయ్యికి ఉన్న పైపు తీసి పక్కన పెట్టాడు. కిటికీ మూశాడు. చాయ్ గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు.

"బిగించు" అన్నాడు.

సిలార్ నిలబడిపోయాడు.

"పడవలో ఎలా బిగించావో అలాగే బిగించు. అదే తీగ, అదే మెలిక. తర్వాత నువ్వు బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి అరుగు మీద కూర్చో. నేను కాసేపు ఇక్కడ పడుకుంటాను. లేచాక చాయ్ కాచుకుంటాను."

సిలార్ పొయ్యి ముందు కూర్చున్నాడు. పైపు కొసను పొయ్యి గొట్టానికి తొడగబోయాడు. తీగ విప్పాడు. చేతులు ఆగిపోయాయి. మళ్లీ ప్రయత్నించాడు. తీగ జారి కింద పడింది. తీసుకోబోతే వేళ్లు దాన్ని పట్టుకోలేదు. ఇంజిన్ నట్లు చీకట్లో తడిమి బిగించిన వేళ్లు అవి.

వజీర్ షా అగ్గిపెట్టె పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. తొందర పెట్టలేదు.

"ఏం, ఆగావు? నా ఘడియ రాసి ఉంటే ఎలాగూ వస్తుంది. రాసి లేకపోతే నీ తీగ నన్నేం చేస్తుంది?"

"నా వల్ల కాదు హజ్రత్."

"ఎందుకు కాదు?"

"ఇక్కడ మీరున్నారు."

వజీర్ షా అతని ముఖంలోకి చూశాడు.

"అక్కడ ఎవరున్నారు?"

సిలార్ పైపు ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి, తనకే వినపడనంత మెల్లగా, "నూకాలక్క" అన్నాడు.

వజీర్ షా లేచి కిటికీ తెరిచాడు. అగ్గిపెట్టె గూట్లో పెట్టేశాడు. ఆ రోజు ఆయన చాయ్ తాగలేదు.

*

మర్నాడు పొద్దెక్కాక సిలార్ పోలయ్య ఇంటికి వెళ్లాడు.

పోలయ్య పాకలో వల బాగుచేసుకుంటున్నాడు. కూతురు మంగ రొయ్యల ప్లాంటుకి వెళ్లడానికి సిద్ధమవుతూ తల దువ్వుకుంటోంది. సిలార్‌ని చూసి పీట వేసింది. అతను కూర్చోలేదు.

"బావా, అక్క ఏమీ మర్చిపోలేదు" అన్నాడు.

పోలయ్య తల ఎత్తాడు.

సిలార్ చెప్పాడు. అధికారి ఏమన్నాడో చెప్పాడు. ఏజెన్సీ మనిషి కోసం ఆగకపోవడం, బజారు పైపు, తీగ, మంట ఆరాక దాన్ని పాయలోకి విసిరేయడం, పోలీసులతో అన్న మాట, అన్నీ చెప్పాడు. ఎక్కడా ఆపకుండా చెప్పాడు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని అతనికి తెలుసు.

"ముందు రోజు అక్క నాతో అంది బావా. 'తమ్ముడూ, కింద ఏదో వాసనొత్తంది' అంది. డీజిల్ వాసన, పట్టించుకోకు అన్నాను."

పోలయ్య చేతిలో వల అల్లే కండె అలాగే ఉంది.

"ఆస్పత్రిలో..." అని సిలార్ ఆగాడు. ఆ ఒక్కచోటే ఆగాడు. "ఆస్పత్రిలో నువ్వు మందులకి వెళ్లినప్పుడు నన్ను అడిగింది. 'నాబ్ కట్టేసాననే గుర్తు తమ్ముడూ. ఎలా మర్చిపోయాను?' అంది. నేను పడుకో అక్కా అన్నాను."

పాక బయట ఎవరో చేపలు ఆరబోస్తూ కాకుల్ని అదిలిస్తున్నారు.

"దానికి సెప్పావా?" అన్నాడు పోలయ్య.

"ఏంటి బావా?"

"తప్పు నీది కాదు, నాది అని. దానికి ప్రాణం ఉండగా సెప్పావా?"

"లేదు."

పోలయ్య వల పక్కన పెట్టాడు. లేచాడు. కొడతాడనుకున్నాడు సిలార్. కొడితే బాగుండుననుకున్నాడు. పోలయ్య అతన్ని దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి, వీపు సిలార్ వైపు తిప్పి నిలబడ్డాడు.

"నేను కూడా దాన్ని తిట్టానురా. మంచం మీద కాలిపోయి పడున్నదాన్ని. బాబా పడవ తగలెట్టేసావు కదే అని తిట్టాను. అది నా కేసి సూసి సరేనంది. ఎల్లిపో. నువ్వు ఈ గుమ్మం ఎక్కకు."

సిలార్ కదిలాడు. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి మంగ ఆపింది. ఎప్పుడూ మావయ్యా అని పిలిచే పిల్ల, ఈసారి ఆ పిలుపు లేకుండా ఒక్కటే అడిగింది.

"ప్లాంటులో నన్ను పడవ తగలెట్టినదాని కూతురంటారు. అక్కడికొచ్చి అందరి ముందూ సెప్తావా?"

"చెప్తాను."

"ఇయ్యాలే రా."

ఆ సాయంత్రం షిఫ్టు వదిలే వేళకి సిలార్ ప్లాంటు గేటు దగ్గర నిలబడ్డాడు. చేతులకి ఐసు నీళ్ల చలి ఇంకా వదలని ఆడవాళ్లు గుంపుగా బయటికి వస్తున్నారు. అతను గట్టిగా పిలిచి ఆపాడు. నూకాలు ఏ తప్పూ చేయలేదని, పైపు తను బిగించిందని, అబద్ధం తను చెప్పానని అన్నాడు. ఎవరో వెనక నుంచి వినపడలేదన్నారు. మళ్లీ చెప్పాడు.

ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి అతని ముఖం మీద ఉమ్మేసింది. నూకాలు ఆమెకి ఏమవుతుందో అతనికి తెలియదు. తుడుచుకోలేదు.

మంగ గుంపు చివర నిలబడి ఉంది. అతని వైపు చూడలేదు. తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, తల ఎత్తి, అందరి మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది.

పోలీసు స్టేషన్‌కి వెళ్లేటప్పుడు వజీర్ షా తనూ వస్తానన్నాడు. పడవ ప్రయాణాలు తప్ప ఆయన ఖాన్‌కా దాటి ఊళ్లోకి వచ్చి చాలా కాలమైంది. స్టేషన్‌లో అందరూ లేచి నిలబడ్డారు. సిలార్ చెప్పిందంతా రాసుకున్నాక, ఎస్సై మొహమాటపడుతూ, "మీరు కూర్చోండి బాబా, మీకేం సంబంధం లేదు" అన్నాడు.

"పడవ నాది" అన్నాడు వజీర్ షా.

"అయినా మీకు తెలియదు కదా."

"ఆ పొయ్యి మీద వండిన అన్నం తిన్నాను. పైపు మార్చారా, ఎవరు మార్చారు అని అడగలేదు. నా పేరు కూడా రాయండి."

ఎస్సై కలం పట్టుకుని ఆలోచిస్తుంటే ఆయన అలాగే నిలబడ్డాడు. పేరు రాసేదాకా కూర్చోలేదు.

బయటికి వచ్చాక సిలార్ ఆయన కాళ్ల మీద పడబోయాడు. వజీర్ షా వెనక్కి జరిగాడు. "నడు, ఎండ ముదురుతోంది" అన్నాడు.

కేసు నడిచింది. సిలార్ కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. శిక్ష ఏమిటో ఇంకా తేలలేదు. ఖాన్‌కాకి వచ్చేవాళ్లు కొందరు మానేశారు. కొందరు వచ్చారు కానీ అతను వడ్డిస్తే తినలేదు. అతను వడ్డించడం మానేసి అంట్లు తోమే చోట కూర్చున్నాడు. నమాజులో ఇప్పుడు మాటలు గుర్తొస్తున్నాయి. అది ఇంకా కష్టంగా ఉంది. ప్రతి మాటా అర్థమవుతోంది.

పోలయ్య మళ్లీ పడవ ఎక్కలేదు. తండ్రీకూతుళ్లు ఊరు మారిపోయారని ఎవరో చెప్పారు. ఏ ఊరో సిలార్‌కి ఎవరూ చెప్పలేదు.

*

వానలు తగ్గాక పడవను గట్టుకు లాగి బాగుచేయించారు. వడ్రంగులు కాలిన పలకలు తీసి కొత్తవి వేశారు. వంట గదిని కిందినుంచి తీసేసి పైన, గాలి ఆడే చోట కట్టారు. సిలిండర్‌కు విడిగా ఒక పెట్టె చేయించారు. ఆ పెట్టెకి అడుగున బయటికి తెరుచుకునే కన్నాలు పెట్టారు. గ్యాస్ కారితే పడవలోకి దిగకుండా నీటి మీదికి పోయేలా. తనిఖీ అధికారి వచ్చి చూసి, ఇక గ్యాస్ పని ఒక్కటే మిగిలింది, అది లైసెన్సున్నవాళ్లే చేయాలి అని చెప్పి వెళ్లాడు.

ఏజెన్సీ మనిషి దానియేలు మర్నాడు వచ్చాడు. నడివయసు మనిషి. చేతిలో సంచి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. జరిగింది అతనికి తెలిసే ఉంటుంది.

"నువ్వు కూడా వెళ్లు" అన్నాడు వజీర్ షా సిలార్‌తో.

"నేనెందుకు హజ్రత్? నేను ముట్టుకోను."

"ముట్టుకోవద్దు. చూడు."

సిలార్ పడవ ఎక్కి ఒక మూల కూర్చున్నాడు. వజీర్ షా గట్టు మీద, పడవ నీడలో చాప వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక వడ్రంగి పొడవాటి పలకను అప్పుడే దిమ్మల మీదికి ఎక్కించి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

దానియేలు సంచిలోంచి కొత్త పైపు తీశాడు. దాని మీద ముద్ర చూశాడు. సంవత్సరం చూశాడు. పొయ్యికీ పెట్టెకీ మధ్య దూరం చూసుకున్నాడు. పైపు బిగుసుకుపోకుండా, వేలాడకుండా, వేడి తగలకుండా ఎటు నుంచి వెళ్లాలో చేత్తో గాలిలోనే ఒకసారి గీసి చూసుకున్నాడు. చెక్కలోంచి దూరే చోట ఒరుసుకోకుండా రబ్బరు తొడుగు వేశాడు. కొసలు తొడిగాడు. రెండు వైపులా దానికి సరిపోయే క్లిప్పులు పెట్టి స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. ఒకసారి లాగి చూశాడు.

తర్వాత ఒక గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, నురగ తేలాక, రెగ్యులేటర్ తెరిచి, చిన్న కుంచెతో ప్రతి అతుకు మీదా పూశాడు. వంగి చూస్తూ కూర్చున్నాడు.

రెగ్యులేటర్ దగ్గర ఒక బుడగ పుట్టింది. చిన్నది, ఆవగింజంత. మెల్లగా ఉబ్బి పగిలింది. అక్కడే ఇంకొకటి పుట్టింది.

సిలార్ దాన్నే చూస్తున్నాడు.

దానియేలు గ్యాస్ కట్టేశాడు. లోపలి వాషర్ తీసి పారేసి కొత్తది వేశాడు. మళ్లీ తెరిచి, మళ్లీ నురగ పూసి, మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నురగ అలాగే ఉండి ఎండకి ఆరిపోయింది. అడుగు పలక ఒకటి ఎత్తి, తల లోపలికి పెట్టి వాసన చూశాడు. పలక వేసేశాడు. పొయ్యి తనే వెలిగించాడు. నీలంగా, నిలకడగా మండింది. ఆర్పేశాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టె తలుపు లోపల, పైపు మళ్లీ ఎప్పుడు మార్చాలో రాసి అంటించాడు. చేతులు కడుక్కున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు సిలార్.

"అయిపోయింది."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?" అని దానియేలు సంచి భుజాన వేసుకుని దిగి, వజీర్ షాకి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

సిలార్ గట్టు మీదికి చూశాడు. వడ్రంగి ఇంకా ఆ పలక మీదే వంగి ఉన్నాడు. ఒక వైపు నున్నగా తేలింది. రెండో వైపు ఇంకా ముట్టుకోలేదు.

పడవ దిగడానికి లేచాడు కానీ దిగలేదు. పడవ అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. జైల్లో రాని ఏడుపు, ప్లాంటు గేటు దగ్గర రాని ఏడుపు, ఇప్పుడు వచ్చింది. వడ్రంగి చిత్రిక ఆపి తల ఎత్తి చూశాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

వజీర్ షా చాప మీద నుంచి మెల్లగా లేచి, పడవ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమిటి?" అన్నాడు.

"ఇంతే పని, హజ్రత్."

వజీర్ షా సిలార్‌ని చూడలేదు. పాయ మీద ఎండ పడుతున్న చోటికి చూశాడు.

"అవును" అన్నాడు. "ఇంతే."